వెచ్చగా కనిపించిన బల్బు

నర్సు ఉద్యోగంలో కొత్తగా చేరే అమ్మాయిలు నన్ను ముందుగా అడిగేది రక్తం చూస్తే భయం వేయలేదా అని. వేయలేదు. ఆ తర్వాత అడిగేది డాక్టర్లు తిడతారా అని. తిడతారు. నన్ను ఉద్యోగమంతా తికమక పెట్టిన వస్తువు గురించి మాత్రం ఎవరూ అడగరు. అడగాలని ఎవరికి తోస్తుంది? అది గదిలో వెలిగే బల్బు.

విశాఖపట్నంలో పోర్టు వైపు, కాన్పులూ పసిపిల్లల వైద్యమూ చూసే ఒక చిన్న ఆసుపత్రిలో నేను పనిచేశాను. మేడమీద పసిపిల్లల గది నాది. ఏ ఇంక్రిమెంటు ఎప్పుడొచ్చిందో ఇక్కడ రాయను, అది ఎవరికీ పనికిరాదు. ఆ గదిలో వెలుతురు మమ్మల్ని ఎలా ఆడించిందో రాస్తాను. అంతా అర్థమయ్యాక రాస్తున్నానని అనుకోకండి. కొంతే అర్థమైంది.

పెట్టె

తొంభైలలో మా దగ్గర నెలలు నిండని పిల్లలను వెచ్చగా ఉంచే అసలు యంత్రం ఒక్కటే ఉండేది. ఇద్దరు పిల్లలు ఒకేసారి వస్తే రెండోవాడికి పెట్టె. అది వడ్రంగి చేసిన టేకు పెట్టె. మధ్యలో చిల్లులు పెట్టిన చెక్క ఉంటుంది. చెక్క మీద పిల్లవాడు, కింద అరవై వాట్ల బల్బులు నాలుగు. వాటి వేడి చిల్లుల్లోంచి పైకి వస్తుంది. లోపల ఒక పక్కన థర్మామీటరు వేలాడుతూ ఉంటుంది. వేడి ఎక్కువైతే ఒక బల్బు ఆపేయడం, తక్కువైతే వేయడం. అంతే దాని విద్య.

గదికి వెలుతురు కూడా అలాంటి బల్బులదే. ఆ వెలుతురులో ప్రతి పిల్లా బంగారు బొమ్మలా కనిపించేది. తల్లులు మురిసిపోయేవారు. మాకు అదే చిక్కు. పుట్టిన రెండు మూడు రోజులకు చాలామంది పిల్లలకు కామెర్లు వస్తాయి, ఒళ్ళు పసుపెక్కుతుంది. గదంతా పసుపుగా ఉంటే పిల్ల పసుపెక్కిందో లేదో ఎలా తెలియాలి?

మా డాక్టరు వసుంధర గారు మంచి వైద్యురాలు. కోపం ఎక్కువ. తిట్టిన అరగంటకు టీ పంపించేవారు. అదే ఆవిడ క్షమాపణ. సబ్బవరం నుంచి వచ్చిన ఒక ఆడపిల్లను ఆవిడ సాయంత్రం బల్బు కింద చూసి, బాగానే ఉందన్నారు. మర్నాడు ఆ పిల్ల నాయనమ్మ పిల్లను వరండాలోకి తీసుకెళ్ళింది. నేను అటువైపు వెళుతూ చూస్తే, పిల్ల కళ్ళల్లో తెల్లగుడ్డు కూడా పచ్చగా ఉంది. డాక్టరు గారిని పిలిచాను. ఆవిడ పిల్ల ముక్కు మీద వేలితో నొక్కి, తీసి, పసుపు తేలిన ఆ చోటు చూశారు.

"సుశీలా, నిన్న నేను పిల్లను చూడలేదు. బల్బును చూశాను" అన్నారు.

తన పొరపాటును నర్సుతో అంత సూటిగా చెప్పిన డాక్టర్లను నేను ఇంకెక్కువమందిని చూడలేదు. ఆవిడ దగ్గర అన్నేళ్ళు ఉండడానికి కారణం ఆ ఒక్క గుణమే. జీతం కాదు.

ఆ పిల్లను నీలం లైటు కింద పడుకోబెట్టాం. కామెర్లకు అదే వైద్యం. నాయనమ్మ వచ్చి ఆ నీలం వెలుగును మెచ్చుకుంటూ చూసింది.

"ఇది సలవ సెయ్యడానికా సిస్టరమ్మా?"

"కాదమ్మా, కామెర్లు తగ్గడానికి."

ఆవిడ చెయ్యి లోపలికి పెట్టింది. "మరి సూడ్డానికి సల్లగుంది, సెయ్యెడితే ఎచ్చగుందేటి?" అంది.

నిజమే. ఆ నీలం గొట్టాల కింద పిల్లలు వేడెక్కుతారు, పాలు మరికాస్త పట్టాలి. ఆ సంగతి నాకు తెలుసు. చల్లగా కనిపించేది వెచ్చగా ఎందుకుందో మాత్రం నాకు తెలియదు. "అది అంతేనమ్మా" అన్నాను. పిల్ల నయమై ఇంటికి వెళ్ళింది.

కొత్త బల్బులు

రెండువేల సంవత్సరం దాటాక మెలితిరిగిన గొట్టాల బల్బులు వచ్చాయి. కరెంటు తక్కువ తింటాయి. మా ఆసుపత్రి జనరేటరు చిన్నది. కరెంటు పోయినప్పుడల్లా అది అన్నీ మోయలేక దగ్గేది. అందుకని డాక్టరు గారు ఆసుపత్రి మొత్తం కొత్త బల్బులు వేయిద్దామన్నారు.

అమ్మేవాడు వచ్చి ఆవిడ గదిలో రెండు బల్బులు పక్కపక్కన వెలిగించాడు. ఒకటి నెయ్యి రంగు వెలుతురు. దాని అట్టపెట్టె మీద వార్మ్ అనీ, కింద 2700 కె అనీ ఉంది. రెండోది పాల రంగు. దాని మీద కూల్ అనీ, 6500 కె అనీ ఉంది.

"వరండాకూ, కింద ఓపీకీ కూల్ వెయ్యండి. పసిపిల్లల గదికి వార్మ్. పిల్లల గదికి కూల్ వేస్తే జలుబు చేస్తుంది" అని నవ్వారు డాక్టరు గారు. సగం వేళాకోళమే. సగం మాత్రమే.

కూల్ బల్బులు వేసిన మొదటివారం ఓపీలో కూర్చున్నవాళ్ళు గది చల్లబడిందన్నారు. మా ఆయా ఫ్యాను ఒక పాయింటు తగ్గించింది. నాకూ చల్లగానే అనిపించింది. విశాఖ ఉక్కపోతలో బల్బు మారిస్తే చల్లబడుతుందా? ఆ ప్రశ్న నేను వేసుకోలేదు. ఎవరూ వేసుకోలేదు. అట్టపెట్టె మీద అలాగే రాసి ఉంది, ఒంటికీ అలాగే తోచింది.

పెట్టెలో మాత్రం పాత బల్బులే ఉండిపోయాయి. వాటిని మార్చమని ఎవరూ చెప్పలేదు, మార్చవద్దని కూడా చెప్పలేదు.

వానరోజు

ఆ ఏడు వానాకాలం చివర సముద్రంలో వాయుగుండం పట్టింది. పద్మ అనే అమ్మాయికి నెలలు నిండకుండానే నొప్పులొచ్చాయి. భర్త సత్యనారాయణది స్టీల్ ప్లాంటులో ఉద్యోగం, ఉక్కునగరంలో క్వార్టరు. పద్మ పుట్టిల్లు మల్కాపురం. సీమంతానికి వచ్చిన పిల్ల అక్కడే ఉండడంతో, దగ్గరని మా ఆసుపత్రికి తీసుకొచ్చింది వాళ్ళమ్మ పైడితల్లి. ఆపరేషను చేసి మగపిల్లవాణ్ణి తీశారు. కిలోన్నర ఉంటాడేమో. ఊపిరి బాగానే తీసుకుంటున్నాడు. ఒంట్లో కొవ్వు లేదు, కాబట్టి వేడి నిలవదు. అసలు యంత్రంలో అప్పటికే ఊపిరి ఆడని ఇంకో పాప ఉంది. వీణ్ణి పెట్టెలో పెట్టాం. పెద్దాసుపత్రికి పంపుదామంటే రోడ్ల మీద మోకాళ్ళలోతు నీళ్ళు. ఆ వానలో తిప్పడం కంటే మా దగ్గర ఉంచడమే మేలని డాక్టరు గారు తేల్చారు.

మర్నాడు పొద్దున కరెంటు ఎక్కువతక్కువలకు పెట్టెలో రెండు బల్బులు పేలిపోయాయి. నేను డ్యూటీకి వచ్చేసరికి మా ఎలక్ట్రీషియన్ నూకరాజు పెట్టె ముందు కూర్చుని ఉన్నాడు. పెట్టె లోపల నెయ్యిరంగు వెలుతురు నిండుగా ఉంది.

"రెండు కాలిపోనాయమ్మా. మిగతా రెండూ మినుకుమంటుంటే ఇప్పీసినాను, తీగలు తెగిపోనాయి. అందుకే నాలుగూ మార్చీసినాను. పాత రకం మన స్టోరులో లేవు."

"వేడి సరిపోతుందా నూకరాజూ?"

"వార్మ్ అని రాసుంది గదమ్మా. వార్మంటే ఎచ్చనే గదా. ఈ గదికి ఇయ్యే ఎయ్యమని డాక్టరమ్మ గారు కూడా అన్నారు."

నేనూ ఒప్పుకున్నాను. వెలుతురు చూస్తే నిన్నటి వెలుతురులాగే ఉంది, అదే నెయ్యి రంగు. ఆ రంగు చూస్తే చలి కాచుకోవాలనిపిస్తుంది.

గంట గడిచేసరికి థర్మామీటరులో గీత దిగడం మొదలుపెట్టింది. నేను దాన్ని వేలితో తట్టాను. ఇంకా దిగింది. ఊపిరి ఆడని పాప దగ్గర ఉన్న డాక్టరు గారికి చెప్పాను. ఆవిడ తల తిప్పి పెట్టె వైపు చూశారు. వెలుగుతూ ఉంది.

"ఆ థర్మామీటరు నా పెళ్ళినాటిది. పాడైపోయి ఉంటుంది. లైట్లన్నీ వెలుగుతున్నాయిగా" అని మళ్ళీ పాప మీదికి వంగారు.

ఆవిణ్ణి తప్పుపట్టను. చేతిలో ఒక ప్రాణం ఉన్నప్పుడు పక్కనున్న దాన్ని కంటితోనే చూస్తాం. కన్ను చెప్పినదే నమ్ముతాం.

నేను పిల్లవాడి పాదం పట్టుకున్నాను. చల్లగా ఉంది. టోపీ పెట్టి, ఇంకో గుడ్డ చుట్టాను. అయినా పాదం వెచ్చబడలేదు. గుడ్డ చుడితే వేడి పోకుండా ఉంటుంది, లేని వేడి పుట్టదు.

అప్పుడు సత్యనారాయణ వచ్చాడు. షిఫ్టు దిగి, వానలో తడుస్తూ, బూట్లు చేత్తో పట్టుకుని మెట్లెక్కాడు. గోదావరి జిల్లా మనిషి. ఉక్కు కరిగించే చోట పని. కొడుకును దూరం నుంచే చూశాడు. తర్వాత కిటికీ గట్టు మీద నూకరాజు వదిలేసిన అట్టపెట్టెలు చూసి, ఒకటి తీసి చదివాడు.

"సిస్టరు గారండీ, తక్కువ వేడి బల్బులు పెట్టారండి ఇందులో. ఇది రెండువేల ఏడువందలే. వరండాలో వెలిగేవి ఆరువేల ఐదువందలండి."

"అవి కూల్ అని రాసి ఉంది బాబూ."

"రాసినవాడు తప్పు రాసుంటాడండి. నేను రోజూ చూసేదే కదండీ. ఇనుము కాలితే ముందు ఎర్రబడుతుంది. ఇంకా కాలితే పసుపు. ఇంకా కాలితే తెలుపండి. తెల్లబడిందాని దగ్గరికి మేం కూడా వెళ్ళమండి. తెల్లగా ఉంటేనే ఎక్కువ వేడి."

నూకరాజు లేచి నిలబడ్డాడు. "కాదు బాబూ. కూలంటే సల్లన. సల్లన బలుబు ఎడితే పిల్లోడేటవుతాడు? ఇంగ్లీసులో రాసీసి ఉంది గదా."

"అంకె కూడా రాసి ఉంది కదండీ పక్కనే. ఏది పెద్దంకె?"

ఒకతను మాట పట్టుకున్నాడు, ఇంకొకతను అంకె పట్టుకున్నాడు. రెండూ ఒకే అట్టపెట్టె మీద ఉన్నాయి. ఇద్దరి మాటా నాకు సబబుగానే తోచింది. నా చేతిలో పిల్లవాడి పాదం ఇంకా చల్లబడుతోంది. థర్మామీటరు మాట నిజమైతే పసుపు బల్బు పనిచేయడం లేదు. పనిచేయనిదాన్ని పట్టుకుని కూర్చోవడం కంటే మార్చి చూడడం నయమనిపించింది.

"తెల్లవి పెట్టు నూకరాజూ" అన్నాను.

నీలం

వరండాలోంచి నాలుగు తెచ్చి బిగించాడు. పెట్టె చిల్లుల్లోంచి తెల్లటి వెలుతురు పైకొచ్చింది. ముగ్గురం థర్మామీటరు వైపు చూస్తూ నిలబడ్డాం. గీత పైకి రాలేదు.

నేను పిల్లవాడి మొహం చూశాను. పెదాలు నీలంగా ఉన్నాయి.

ఒక్క క్షణం క్రితం పసుపు వెలుతురులో వాడు దోరగా, ఆరోగ్యంగా కనిపించాడు. ఇప్పుడు నీలం తేలాడు. నీలమంటే ఊపిరి అందకపోవడం, లేదా చలికి బిగుసుకుపోవడం. లేకపోతే ఈ కొత్త వెలుతురే అలా చూపిస్తోందా? నా చెయ్యి పెట్టెలో పెట్టి చూశాను. నా గోళ్ళు కూడా నీలంగానే ఉన్నాయి. సత్యనారాయణ పెట్టె మీదికి వంగితే అతని పెదాలూ అలాగే ఉన్నాయి. అంటే వెలుతురే. మరి పాదం ఎందుకు చల్లగా ఉంది? పసుపు వెలుతురులో ఉన్నప్పుడే నీలమై ఉన్నాడా, నాకు కనబడలేదా?

పిల్లవాణ్ణి గుడ్డతో సహా ఎత్తి కిటికీ దగ్గరికి తీసుకెళ్ళాను. బయట ఆకాశం బూడిద రంగు. ఆ వెలుతురులో వాడూ బూడిద రంగే. మూడుచోట్ల మూడు రంగులు. ఇన్నేళ్ళు పసిపిల్లల్ని చూసిన నా కళ్ళకు నా చేతిలో ఉన్న పిల్లవాడు ఏ రంగులో ఉన్నాడో తెలియలేదు. నా ఉద్యోగంలో అంత భయపడిన క్షణం ఇంకొకటి లేదు.

కళ్ళు మూసుకుని, చేతి వెనకవైపు వాడి పొట్టకు ఆనించాను. పొట్ట కూడా చల్లగా ఉంది. పాదం చల్లబడితే జాగ్రత్తపడాలి. పొట్ట చల్లబడితే ఆలోచిస్తూ కూర్చోకూడదు.

తల్లి ఒంటికి ఆనించి పడుకోబెట్టడం ఉత్తమం. కాని పద్మ ఆపరేషను తర్వాత జ్వరంతో వణికిపోతోంది, మనిషికి స్పృహ సరిగ్గా లేదు.

"సత్యనారాయణ గారూ, చొక్కా విప్పండి" అన్నాను.

"నేనాండీ?"

"మీరే. తొందరగా."

తడి చొక్కా విప్పాడు. నేను తువ్వాలుతో అతని ఒళ్ళు గట్టిగా తుడిచాను. రొమ్ము మీద అక్కడక్కడా చిన్న నల్లటి మచ్చలున్నాయి, నిప్పురవ్వలు పడి కాలినవి.

"వానలో తడిసొచ్చానండి. నా ఒళ్ళే చల్లగా ఉందేమోనండి" అన్నాడు.

తాకి చూశాను. పైన తడి, లోపల పొయ్యిలా ఉంది. పిల్లవాణ్ణి గుడ్డలు తీసేసి, టోపీ ఉంచి, అతని రొమ్ము మీద బోర్లా పడుకోబెట్టాను. మీద పైడితల్లి పాత నేతచీర నాలుగు మడతలు వేసి కప్పింది. దాని మీద దుప్పటి. సత్యనారాయణ కుర్చీలో కదలకుండా కూర్చున్నాడు.

"ఊపిరి తీసుకోండి బాబూ" అన్నాను. అప్పుడు తీసుకున్నాడు.

"పాత రకం బల్బులు ఎక్కడ దొరికితే అక్కడ పట్టుకురా" అని నూకరాజును తరిమాను. షాపులన్నీ మూసేసి ఉన్నాయి. అతను గేటు ముందు టీ బడ్డీలో వేలాడే బల్బు తీసుకున్నాడు. పక్క సైకిలు షాపువాడి దగ్గర ఒకటి. మిగతావి తన ఇంట్లోవే ఊడబెరికి, లుంగీలో చుట్టుకుని తెచ్చాడు. తన ఇల్లు ఎలా ఉందో అతను చెప్పలేదు, నేను అడగలేదు.

ఈలోగా ఊపిరి ఆడని పాప కుదుటపడింది. డాక్టరు గారు మా దగ్గరికి వచ్చారు. కుర్చీలో ఉన్న సత్యనారాయణను చూశారు. ఖాళీ పెట్టె చూశారు. ఏం జరిగిందని అడగకుండానే పెట్టె కింది తలుపు తీసి, వెలుగుతున్న బల్బును పట్టుకున్నారు. నేను వద్దనబోయాను. పాత బల్బును అలా పట్టుకుంటే చర్మం ఊడొస్తుంది. ఆవిడ పట్టుకునే ఉన్నారు. వదలలేదు.

"గోరువెచ్చగా ఉంది సుశీలా. అంతే" అన్నారు. ఆవిడ మొహం పాలిపోయింది. అది వెలుతురు చేసిన పని కాదు.

కరెంటు అప్పటికే పోయింది. జనరేటరు మీద పాత బల్బులు నాలుగు వెలగాలంటే ఇంకేవో ఆపాలి. నూకరాజు వరండా లైట్లూ, నీళ్ళ మోటారూ, డాక్టరు గారి గదిలో ఉన్నవన్నీ ఆపేశాడు. పెట్టెలో వేడి పుట్టింది. థర్మామీటరులో గీత లేచింది.

అయినా ఆవిడ పిల్లవాణ్ణి అందులో పెట్టమనలేదు. పాత థర్మామీటరు తీసి, కొత్తదాని పక్కన ఒకే గ్లాసు నీళ్ళలో ఉంచారు. రెండూ ఒకే మాట చెప్పాయి. ఆవిడ పాతదాన్ని తుడిచి, మళ్ళీ పెట్టెలో తగిలించారు. సాయంత్రానికి, తండ్రి రొమ్ము మీద, పిల్లవాడి పాదం నా వేళ్ళకు వెచ్చగా తగిలింది. వాడు మూత్రం పోశాడు. సత్యనారాయణ పొట్ట మీదుగా కారింది. అతను కదలలేదు.

తమ్ముడు గారి పాఠం

పిల్లవాడు తేరుకున్నాక డాక్టరు గారు తన తమ్ముణ్ణి పిలిపించారు. కాలేజీలో ఫిజిక్సు చెప్పే ఆయన. "ఈ వార్మూ కూలూ ఏమిటో మా అందరికీ అర్థమయ్యేలా చెప్పు. మావాళ్ళు మళ్ళీ మోసపోకూడదు" అన్నారు. "మావాళ్ళు" అన్నప్పుడు ఆవిడ తన చెయ్యి తన మీదే పెట్టుకున్నారు.

ఆయన ఓపిగ్గానే మొదలుపెట్టారు. సత్యనారాయణ చెప్పింది తప్పు కాదట. ఇనుము కాలేకొద్దీ ఎరుపు, పసుపు, తెలుపు. ఇంకా ఇంకా కాల్చగలిగితే నీలం కూడా తేలుతుంది. ఎంత వేడికి ఏ రంగో ఒక కొలత ఉంది. అట్టపెట్టె మీద అంకె ఆ కొలతే.

"చూశారాండీ" అన్నాడు సత్యనారాయణ.

"కానీ ఆ బల్బు అంత వేడిగా ఉందని కాదు. అంత వేడికి కాల్చిన వస్తువు ఏ రంగులో వెలుగుతుందో, ఆ రంగు వెలుతురు ఈ బల్బు ఇస్తుందని. పాత బల్బులో తీగ నిజంగానే ఆ రెండువేల ఏడువందల దాకా కాలుతుంది. కాబట్టి దాని అంకె నిజమైన వేడే. కొత్తదానిలో కాలేది ఏమీ లేదు. గాజు లోపల పూసిన పొడి ఆ రంగునిస్తుంది. అంతే."

"ఉక్కు పదిహేను వందల డిగ్రీలకు కరుగుతుందండి" అన్నాడు సత్యనారాయణ నెమ్మదిగా. "అంటే ఆ పాత బల్బులో తీగ మా ఉక్కు కంటే వేడాండీ?"

"చాలా వేడి. కాని తీగ వెంట్రుకంత."

"మరి ఆ ఆరువేల ఐదువందలు?"

"సూర్యుడి పైభాగం కంటే కొంచెం ఎక్కువ."

"చేత్తో పట్టుకున్నారు కదండీ డాక్టరు గారు."

"అదే నేను చెప్పేది. రంగు మాత్రమే."

నూకరాజు చెయ్యెత్తాడు. "సరే బాబూ. పెద్దంకె పెద్ద ఏడి అనుకుందాం. మరి పెద్దంకె దాని మీద కూలని ఏటికి రాసినారు?"

తమ్ముడు గారు అతని వైపు తిరిగారు. "అది మనుషులు పెట్టుకున్న పేరు. నిప్పూ, సాయంత్రం ఎండా పసుపుగా, ఎర్రగా ఉంటాయి కాబట్టి ఆ రంగును వెచ్చన అన్నారు. నీళ్ళూ ఆకాశం నీలం కాబట్టి ఆ రంగును చల్లన అన్నారు. కొలత ఒక వైపు పోతుంది, పేరు ఇంకో వైపు పోతుంది."

పైడితల్లి అప్పటిదాకా మూల కూర్చుని వింటోంది. "మావిడిపండు ఐసులో ఎట్టినా ఏడే గదా బాబూ. అలాగేటి?" అని అడిగింది.

ఆయన నవ్వారు. "అలాగ కాదు గానీ... సుమారుగా అలాగే అనుకోండి."

"అయితే ఆ పసుపు బలుబు కింద కూకుంటే బాలింతకి పడదేటి?"

ఆయన మళ్ళీ మొదటినుంచి చెప్పసాగారు. నేను అంతా విన్నాను. ఆయన చెబుతున్నంతసేపూ అర్థమైంది. ఆయన మెట్లు దిగి వెళ్ళాక ఎవరో అడిగితే చెప్పబోయి, సగంలో తలకిందులు చేశాను. ఒక్క ముక్క మాత్రం గట్టిగా నిలిచింది: పాత బల్బు తాగే కరెంటులో దాదాపు అంతా వేడిగా పోతుంది, కొత్తది తాగేదే తక్కువ, కనుక పెట్టెలో దానివల్ల పుట్టే వేడి కూడా తక్కువ. అది ఏ రంగులో వెలిగినా సరే.

చదువుకునే అమ్మాయిలకు నేను చెప్పగలిగింది ఇంతే. పిల్లల గదిలోకి వెళ్ళగానే ముందు చెయ్యి పెట్టండి, తర్వాత చూడండి. కొలిచే పరికరం మీరు అనుకున్నదానికి ఎదురు చెబితే, పాడైంది అది కాకపోవచ్చు. పైవాళ్ళు ఒకసారి కాదన్నారని ఊరుకోకండి. రెండోసారి, మూడోసారి చెప్పండి. తిడతారు. టీ పంపకపోయినా ఫరవాలేదు.

ఇంటికి

ఆ పిల్లవాడు మా దగ్గర చాలారోజులున్నాడు. డాక్టరు గారు రెండో యంత్రం కొనే ఏర్పాటు చేసి, అది వచ్చిన రోజునే పెట్టెను కిందికి దింపించేశారు. పద్మకు జ్వరం తగ్గింది. వాణ్ణి రొమ్ముకు పెట్టుకోవడం నేర్చుకుంది. సత్యనారాయణ మాత్రం షిఫ్టు దిగగానే వచ్చి, చేతులు కడుక్కుని, అడక్కుండానే చొక్కా విప్పి కుర్చీలో కూర్చునేవాడు. నర్సులం నవ్వుకునేవాళ్ళం. అతను నవ్వేవాడు కాదు.

పంపించిన రోజు వానలు పూర్తిగా తగ్గి ఉక్క మొదలైంది. గేటు దగ్గర ఆటో ఆగింది. మధ్యాహ్నపు ఎండ తారురోడ్డు మీద మెరుస్తోంది. పైడితల్లి కొంగుతో మెడ తుడుచుకుంటోంది. పద్మ ముందు ఎక్కి, పిల్లవాడి కోసం చేతులు చాచింది. సత్యనారాయణ ఇవ్వలేదు. ఆటోలో కూర్చుని చొక్కా పైగుండీలు విప్పి, వాణ్ణి లోపల పెట్టుకుంటున్నాడు.

"సూడండి సిస్టరమ్మా, ఇంత ఎండలో" అంది పద్మ.

"ఇప్పుడు అక్కర్లేదు బాబూ. వాడికి బరువొచ్చింది. ఎండ కూడా బాగా ఉంది, ఉక్కపోస్తుంది" అన్నాను.

అతను ఎండ వైపు చూశాడు. కళ్ళు చిట్లించి చాలాసేపు చూశాడు, కొలిమిలోకి చూసే మనిషి చూసినట్టే.

"ఎండేనండి. తెల్లగానే ఉందండి" అన్నాడు. "కానీ ఏది వేడో, ఏది కాదో కంటితో చెప్పడం మానేశానండి."

చొక్కాలోకి చెయ్యి పెట్టి కొడుకు పాదం పట్టుకున్నాడు. వెచ్చగా ఉందని చేతికి తెలిశాక, గాలాడేలా పైగుండీ ఒక్కటి వదిలి మిగతావి పెట్టుకుని, ఆటోవాడిని పోనివ్వమన్నాడు.